చర్చ: తిరుపతి, చిత్తూరు సీమల వారసత్వం తెలుగుదేనా, తెలుగు తమిళాల ఉమ్మడిదా?

తిరుచానూరు వాసి:
తిరుమల శాసనాలలో అధిక భాగం తమిళంలో ఉన్నాయి కాబట్టి ఈ సీమది ఉమ్మడి వారసత్వమే అవుతుందని ఇక్కడ ఒకరు రాశారు. నేను అంగీకరించను. తమిళ దేశానికి ఉత్తరపు హద్దు వేంగడమని, అంటే తిరుమల కొండ అని చెప్పే ప్రాచీన తమిళ వ్యాకరణం తొల్కాప్పియపు పీఠికను పట్టుకొని, మా.పొ. శివజ్ఞానం వంటి తమిళ నాయకులు తిరుపతిని మదరాసు రాష్ట్రంలో కలపాలని ఉద్యమించిన సంగతి మరువరాదు. రెండు రాష్ట్రాల హద్దు తగవులో మధ్యవర్తిగా ఉన్న పటాస్కర్ సిఫారసుల మేరకు 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చింది. అక్కడితో లెక్క తేలిపోయింది. ఇప్పుడు ఉమ్మడి అని మనమే అంటే, తేలిన లెక్కను మనమే తిరగదోడినట్లవుతుంది.

నగరి సభ్యుడు:
తిరుచానూరు వాసి గారూ, తేలింది హద్దు ఒక్కటే. పటాస్కర్ గ్రామాన్ని ప్రమాణంగా తీసుకొని, అక్కడ ఏ భాషవారు ఎక్కువమంది ఉన్నారో, ఆ ఊరు ఏ రాష్ట్రానికి ఆనుకొని ఉందో చూశారు. పరిపాలనకు అది చాలు. గుడి గోడ మీది రాతకు అదే కొలత పెడతామంటే ఎలా కుదురుతుంది? భోగ శ్రీనివాసమూర్తి వెండి విగ్రహాన్ని సమర్పించిన పల్లవ రాణి సామవై ఆ దానాన్ని తమిళంలోనే రాయించింది. 1513లో తొలిసారి కొండకు వచ్చిన కృష్ణదేవరాయలు తన కానుకల వివరాలను తెలుగు, తమిళ, కన్నడాలలో చెక్కించాడు. ఈనాటికీ ధనుర్మాసమంతా శ్రీవారి సన్నిధిలో సుప్రభాతానికి బదులు ఆండాళ్ తమిళ పాశురాలైన తిరుప్పావై వినిపిస్తుంది. రాత్రి ఏకాంతసేవకు తెలుగు కవుల పేరిట ‘తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి’ ఉండనే ఉన్నాయి. వీటిలో ఏది తీసేసినా కొండ మీది రోజు పూర్తి కాదు.

జిల్లా సంగతీ అంతే. 1911లో ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల తాలూకాలను కలిపి చిత్తూరు జిల్లాను ఏర్పాటు చేశారు. మా నగరి ఏటి నీరు కుశస్థలి నదిలో కలిసి పూండి జలాశయానికి చేరుతుంది. కండలేరు నుంచి తెలుగుగంగ కాలువ మోసుకుపోయే కృష్ణా నీరు చేరేదీ ఆ పూండికే, అక్కడి నుంచి చెన్నై కుళాయిలకు. చిత్తూరు నీవా నది పొన్నైగా పాలారులో కలుస్తుంది. పెద్ద జబ్బు చేస్తే చిత్తూరువారు తమిళనాడులోని వేలూరు ఆసుపత్రికి బయలుదేరుతారు, ఎముక విరిగితే అరవవారు పుత్తూరు కట్టుకు వస్తారు.

పలమనేరు సభ్యురాలు:
ఏటి వాలునూ బేరసారాలనూ వారసత్వంలో కలపడం సరికాదు. మా వైపు టమోటా, కూరగాయలు బెంగళూరుకు పోతాయి. అంతమాత్రాన పలమనేరుది కన్నడ వారసత్వమని ఎవరూ అనలేదు. తోతాపురి మామిడి గుజ్జు ఏ రేవు నుంచి ఓడ ఎక్కినా, దాన్ని పండించిన రైతు భాష మారదు. చెన్నై దగ్గరగా ఉండబట్టే శ్రీసిటీ పారిశ్రామికవాడ సత్యవేడు, తడల మధ్య వెలిసిందన్నది నిజమే. దాన్ని ఆర్థిక శాస్త్రం వివరిస్తుంది, శాసనాలు కాదు.

నగరి సభ్యుడు:
బేరం వేరు, వారసత్వం వేరు అన్న మీ మాట న్యాయమైనదే. అందుకే గుడి గోడను ముందు పెట్టాను. నా అభ్యర్థన చిన్నది. దేవస్థానం 1930లలోనే ఆ శాసనాలను సంపుటాలుగా అచ్చువేసింది. వాటిలో నందాదీపాలకు (సన్నిధిలో ఆరకుండా వెలిగే దీపాలకు) ఇచ్చిన బంగారం, చెరువులూ కాలువల తవ్వకానికి కట్టిన డబ్బు, ఆ రాబడితో స్వామికి నిత్యం పెట్టవలసిన నైవేద్యాల కొలతలు, అందులో దాతకు దక్కే ప్రసాదపు భాగంతో సహా ఉన్నాయి. మన చెరువుల చరిత్ర అది. తమిళ లిపిలో ఉందన్న కారణంతో మన బడిపిల్లలకు దానిని దూరం చేస్తే, నష్టపోయేది తమిళులు కాదు.

తిరుచానూరు వాసి:
పిల్లలకు చెప్పడానికి నాకు అడ్డులేదు. తెలుగు సీమలో తమిళ శాసనాలున్నాయని రాయండి, సంతోషంగా ఒప్పుకుంటాను. ఉమ్మడి అంటే మాత్రం రేపు ఎవరైనా వాటా అడగవచ్చు.

నగరి సభ్యుడు:
తిరుత్తణిలో ఇప్పటికీ ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు ఉన్నాయి. వారి తెలుగును అక్కడివారు ‘తమిళ సీమలో మిగిలిన తెలుగు’ అని రాసి, ఆ ఊరి వారసత్వంలో దానికి చోటు లేదంటే, మీరు దానినీ సంతోషంగానే ఒప్పుకుంటారా?