ట్రే పక్కన పోస్తోంది: పొగరా, వయసా?

గరికపోచ (తిరుపతి)
మా బూడిదరంగు కుందేలుకు ఏడేళ్లు. ఇన్నాళ్లూ బుద్ధిగా ట్రేలోనే పోసేది. నెలరోజులుగా ట్రే పక్కనే పోస్తోంది. గెంతడమూ తగ్గింది. అమ్మేమో దీనికి పొగరు పట్టిందంటోంది.

మామిడితోపు (చిత్తూరు)
పొగరు కాదు తమ్ముడూ. మాదీ అట్లే చేస్తుంటే ఒకరోజు పక్కనే కూచుని చూశా. ముందుకాళ్లు అంచు మీద పెట్టింది, వెనక్కాళ్లు లేవలేదు. రెండుసార్లు ఊగి, దిగి, అక్కడే పోసేసి నా మొహం చూసింది. కీళ్లనొప్పి! ట్రే ముందు అంచు కోసేసి, నున్నటి టైల్స్ మీద గోనెపట్టా పరిచా. రెండోరోజు నుంచీ లోపలే. ఇళ్లలోవి 8 నుంచి 12 ఏళ్లు బతుకుతాయి, అయిదారు దాటితే ముసలివే.

గరికపోచ
మాది పాత టబ్బు అన్నా, అంచు జానెడుంది! వెనకవైపు బొచ్చు కూడా పచ్చబడి వాసనొస్తోంది.

చెవులపిల్లి (తిరుపతి)
ముందు అది చూడు తమ్ముడూ. తడి ఆరకపోతే చర్మం ఒరిసిపోతుంది. కుందేళ్లు మెత్తటి పెంటికల్ని నోటితో అందుకుని తినేస్తాయి కదా, నడుం వంగకపోతే అవీ అక్కడే అంటుకుంటాయి. ఈగలు వాలి గుడ్లు పెడితే ఒక్కరోజులో పురుగు పడుతుంది. నా మొదటిది అట్లే పోయింది. రోజూ వీపు నిమిరానే గానీ తిరగేసి చూడలేదు.
బొచ్చు కింద బక్కచిక్కినా కనపడదు. వారానికోసారి వంటింటి కాటాలో తూచు. రెండు కిలోలదానికి 200 గ్రాములు తగ్గినా పదోవంతు పోయినట్టే.

మామిడితోపు
ఆకు నోట్లో పెట్టుకుని వదిలేస్తోందా, గడ్డం తడిగా ఉందా, అదీ చూడు. పళ్లు బతికినంతకాలం పెరుగుతాయి. ఎండుగడ్డి, గరిక నమిలితేనే అరిగేది.

కొత్తకాపు
మనం వేసుకునే నొప్పిమాత్ర పావుముక్క ఇవ్వచ్చా?

చెవులపిల్లి
వద్దు! బరువు చూసి డాక్టరే ఇవ్వాలి. ఇక్కడ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఆపరేషన్ అంటే పస్తు పెట్టకండి. మత్తులో వాంతవుతుందనే మనకు పస్తు పెట్టేది, కుందేలుకు వాంతి రాదు. తిండి మానేసి పెంటికలు ఆగాయంటే తెల్లారేదాకా చూడొద్దు, అప్పుడే ఎత్తుకెళ్లండి.

గరికపోచ
టబ్బు కోసి అంచు గరుకుకాగితంతో రుద్దాను. ఇంకా ఎక్కలేదు. కోసిన ముక్కను కొరుకుతుంటే లాక్కున్నా. పొద్దున్నే ఆసుపత్రికి వెళ్తున్నాం, అమ్మా వస్తానంది.