2009 మ్యాక్ ప్రో: ఫర్మ్‌వేర్ మార్చి మళ్లీ కట్టాలా, ముట్టుకోకుండా వదిలేయాలా?

రీల్‌డబ్బా (రాజమండ్రి)

మా స్టూడియోలో 2009 మ్యాక్ ప్రో ఒకటి ఇంకా పనిచేస్తోంది. సింగిల్ ప్రాసెసర్, 2.66 గిగాహెర్ట్జ్ జియాన్, 8 జీబీ ర్యామ్, దాంతో వచ్చిన జీటీ 120 గ్రాఫిక్స్ కార్డే ఉంది. ఎల్ కాపిటన్ అనే పాత మాక్‌ఓఎస్ మీద నడుస్తోంది. అప్పట్లో చేసిన పెళ్లి వీడియోల ప్రాజెక్టులన్నీ ఫైనల్ కట్ ప్రో 7 అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి, వాటి మినీడీవీ క్యాసెట్లు బీరువాలో ఉన్నాయి. ఆనాటి పార్టీలు ఇప్పుడొచ్చి "మా వీడియో పెన్‌డ్రైవ్‌లో వేసివ్వండి, తాతగారు ఉన్న ముక్క కొంచెం పెంచండి" అంటున్నారు. పనైతే ఉంది, నాలుగు డబ్బులూ వస్తున్నాయి. మెషినే కదలదు. ఆన్ చేసి టీ తాగొచ్చినా డెస్క్‌టాప్ రాదు.

ఒకాయనేమో ఫర్మ్‌వేర్ (బోర్డు మీది చిప్‌లో ఉండి మెషిన్‌ను లేపే ప్రోగ్రాం) మార్చి, సిక్స్ కోర్ ప్రాసెసర్ వేసి, ఎన్‌వీఎంఈ (బాగా వేగమైన ఎస్‌ఎస్‌డీ) పెడితే కొత్తదానిలా అవుతుందంటాడు. ఇంకొకాయన పాతసామానోడికి ఇచ్చేసి మ్యాక్ మినీ కొనుక్కోమంటాడు. నా బడ్జెట్ 25 వేలు. మీరేమంటారు?

టవర్‌రాజు

ఇచ్చేయడమా? అలాంటి పెట్టె మళ్లీ రాదన్నా. ఒక్క గొళ్లెం ఎత్తితే తలుపు ఊడొస్తుంది, నాలుగు డిస్కులూ సొరుగుల్లా జారొస్తాయి, ప్రాసెసర్ ట్రే మొత్తం చేతిలోకి వస్తుంది.

విషయానికొస్తా. యాపిల్ లెక్కలో మీది 4,1. 2010, 2012 మోడళ్లు 5,1. బోర్డులో పెద్ద తేడా లేదు, అందుకే 2011 నుంచే జనం 4,1 మీద 5,1 ఫర్మ్‌వేర్ ఎక్కిస్తున్నారు. అది ఎక్కితే వెస్ట్‌మియర్ అనే తర్వాతి తరం ఇంటెల్ ప్రాసెసర్లు పడతాయి. డబ్ల్యూ3690 అయితే ఆరు కోర్లు, 3.46 గిగాహెర్ట్జ్. ర్యామ్ 1066 నుంచి 1333కి వెళ్తుంది. హై సియెరా, మొహావీ లాంటి తర్వాతి మాక్‌ఓఎస్‌లు పెట్టుకోవచ్చు. మొహావీ ఇన్‌స్టాలర్‌తో వచ్చే బూట్ రోమ్ (అంటే ఫర్మ్‌వేర్ వెర్షన్) 140 నుంచి ఎన్‌వీఎంఈ డ్రైవర్ ఫర్మ్‌వేర్‌లోనే ఉంది, ఆఖరిది 144. పది, పదిహేను వందల రూపాయల అడాప్టర్‌లో ఎన్‌వీఎంఈ బిగించి మూడో స్లాట్‌లో పెట్టండి, సెకనుకు 1,500 ఎంబీ వస్తుంది. ఇప్పుడు మీ డిస్కు బేలలో ఎంత మంచి ఎస్‌ఎస్‌డీ పెట్టినా 270 దాటదు, అవి సాటా 2 అనే పాత కనెక్షన్ కదా.

ఎక్కించడం కూడా బ్రహ్మవిద్య కాదు. షట్‌డౌన్ చేసి, పవర్ బటన్ నొక్కి, లైటు టపటపా కొట్టుకునేదాకా వదలకూడదు. డీవీడీ ట్రే దానంతటదే బయటికొస్తే పని మొదలైనట్టే. ఒక్కటే నియమం, అప్పుడు కరెంటు పోకూడదు. యూపీఎస్ ఉందిగా మీకు.

లెక్కతప్పదు

రాజు గారి ఉత్సాహం బాగుంది, ఇప్పుడు లెక్క చూద్దాం. ఈ టవర్ ఊరికే ఆన్‌లో ఉంటేనే 150 వాట్ల దాకా లాగుతుంది. రోజుకు పది గంటలు వేస్తే నెలకు 45 యూనిట్లు, పని చేయిస్తే ఇంకా పైకి. ఎం4 చిప్ ఉన్న మ్యాక్ మినీ ఖాళీగా ఉన్నప్పుడు ఐదు వాట్ల లోపే. ఒక్క కోర్ వేగంలో ఎం4కీ డబ్ల్యూ3690కీ తేడా ఐదు రెట్లకు పైమాటే. పైగా వెస్ట్‌మియర్‌లో ఏవీఎక్స్ (ఒకేసారి చాలా లెక్కలు చేసే ఆదేశాలు) లేదు. అది 2011లో ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్లతో వచ్చింది. ఏఐ సాఫ్ట్‌వేర్ టెన్సర్‌ఫ్లో రెడీమేడ్ ప్యాకేజీలు 2018 నుంచే ఏవీఎక్స్ లేకపోతే కదలవు. ఇప్పటి వీడియో సాఫ్ట్‌వేర్లు చాలావాటిదీ అదే దారి.

ఎం4 మినీ మన దగ్గర 59,900తో మొదలైంది, మీ బడ్జెట్ దాటుతుంది, ఒప్పుకుంటా. సెకండ్ హ్యాండ్ ఎం1 చూడండి. ఈ 25 వేలు టవర్‌లో పోస్తే రేపు దాన్ని కొనేవాడు ఉండడు.

రీల్‌డబ్బా

లెక్కతప్పదు గారూ, మినీలో ఫైనల్ కట్ 7 నడుస్తుందా? నా కెమెరా డెక్ ఫైర్‌వైర్ (పాత వీడియో కేబుల్ కనెక్షన్), దాన్ని ఎక్కడ గుచ్చాలి?

లెక్కతప్పదు

నడవదు. ప్రాజెక్టును ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా బయటికి తీసి కొత్త ఫైనల్ కట్‌లోకి మార్చుకోవాలి. ఫైర్‌వైర్‌కి థండర్‌బోల్ట్ అడాప్టర్లున్నాయి.

ఎడిసన్‌బాబాయ్ (న్యూజెర్సీ)

లెక్కల బాబూ, ఆ అడాప్టర్ల గొలుసు నేనూ కట్టాను. థండర్‌బోల్ట్ 3 నుంచి 2, రెండు నుంచి ఫైర్‌వైర్ 800, 800 నుంచి 400, ఆ చివర క్యామ్‌కార్డర్. వెంచురా దాకా బాగానే నడిచింది. టహో వచ్చాక యాపిల్ ఫైర్‌వైర్‌నే మాక్‌ఓఎస్‌లోంచి ఎత్తేసింది. అంటే ఆ మినీని పాత ఓఎస్ మీదే ఆపుకోవాలి. దుకాణం నుంచి ఈరోజు కొత్తది తెస్తే ఫైర్‌వైర్ లేని ఓఎస్‌తోనే వస్తుంది. మ్యాక్ ప్రోకి ముందు రెండు, వెనక రెండు ఫైర్‌వైర్ 800 సాకెట్లున్నాయి, గుచ్చితే చాలు.

ఎక్స్‌ఎంఎల్ దారిలో కట్‌లు వస్తాయి, డిజాల్వులు అరకొరగా వస్తాయి, టైటిళ్లు ఉన్నవి ఉన్నట్టు రావు. పెళ్లి వీడియోలో టైటిళ్లు ఎన్నుంటాయో మీకు చెప్పక్కర్లేదు! తాళి చుట్టూ తిరిగే పూలు, పేర్లు, వెనకాల హంసలు... అవన్నీ మళ్లీ ఎవరు కూర్చి పెడతారు?

మా బేస్‌మెంట్‌లో 2010ది ఉంది. ఎన్‌వీఎంఈ, ఆర్‌ఎక్స్ 580 గ్రాఫిక్స్ కార్డు, మొహావీ. నాకు హాయిగానే ఉంది. కానీ నాది ఫొటోల పని, మీది వేరు.

చిప్‌లెవెల్ (సికింద్రాబాద్)

బాబాయ్ గారు చివర్లో అన్న మాట దగ్గరే అసలు సంగతి ఉంది. రాజు చెప్పినవేవీ అబద్ధాలు కావు, కానీ రీల్‌డబ్బా గారి పనికి అవి అతకవు. ఎందుకో చూడండి.

ఫైనల్ కట్ 7 హై సియెరాలో తెరుచుకోదు. సియెరాయే దానికి చివరి మజిలీ. బయటి కంపెనీల ఎన్‌వీఎంఈలను మాక్‌ఓఎస్ తనంతట తాను గుర్తుపట్టడం మొదలైంది హై సియెరాలో. అంటే ఫైనల్ కట్ 7 ఎక్కడ ఆగిందో ఎన్‌వీఎంఈ అక్కడ మొదలైంది. ఫర్మ్‌వేర్ 144 చేసి, ఖరీదైన ఎన్‌వీఎంఈ పెట్టి, పాత ప్రాజెక్టు కోసం సియెరాలోకి బూట్ చేస్తే ఆ డ్రైవ్ అసలు కనపడనే కనపడదు. మీరు కొన్న వేగమంతా మొహావీకే. మీ పనేమో మొహావీలో లేదు.

ఇంకొకటి. మొహావీ ఇన్‌స్టాలర్ మెటల్ (యాపిల్ గ్రాఫిక్స్ పద్ధతి) తెలిసిన గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ఫర్మ్‌వేర్ కూడా ఎక్కించదు. జీటీ 120కి మెటల్ లేదు. ఆర్‌ఎక్స్ 560యో 580యో తేవాలి. అది పెడితే ఆప్షన్ కీ నొక్కినప్పుడు వచ్చే బూట్ స్క్రీన్ పోతుంది, ఎందుకంటే మామూలు పీసీ కార్డులో మ్యాక్ ఈఎఫ్‌ఐ (బూట్ అయ్యేటప్పుడు తెర చూపించే కోడ్) ఉండదు. ఒక ముడి విప్పబోతే ఇంకో ముడి పడుతుంది.

ఇక ఫర్మ్‌వేర్ సంగతి. బోర్డు మీద ఎనిమిది కాళ్ల చిన్న చిప్, 4 ఎంబీ. బూట్ కోడ్, సీరియల్ నంబర్, ఎన్‌వీరామ్ (మెషిన్ సెట్టింగులు దాచుకునే చోటు) అన్నీ అందులోనే. రెండో కాపీ లేదు. మెషిన్ ఎన్‌వీరామ్‌లో రాసిన ప్రతిసారీ ఈ చిప్ మీదే రాస్తుంది. పాతబడ్డ రాతలను ఫర్మ్‌వేరే ఊడ్చుకోవాలి. ఏళ్లు గడిచాక ఆ ఊడ్పు సరిగ్గా జరక్క చెత్త నిండిపోయి, ఒకరోజు బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతాయి, ఛైమ్ (ఆన్ అయ్యేటప్పుడు వచ్చే శబ్దం) రాదు. నా బల్ల మీదికి వచ్చేవి ఇలాగే వస్తాయి. చిప్ ఊడదీసి, ప్రోగ్రామర్‌లో పెట్టి, కొత్త దానికి రాసి మళ్లీ అతకాలి. డంప్ (చిప్‌లో ఉన్నదంతా ముందే తీసిపెట్టిన కాపీ) ఉంటే గంట పని. లేకపోతే సీరియల్ దగ్గర్నుంచి అన్నీ ఏరుకుంటూ కట్టాలి.

కాబట్టి నా మాట: మీ పనికి ఫర్మ్‌వేర్ ముట్టుకోకండి. 4,1 ఫర్మ్‌వేర్‌తో ఎల్ కాపిటన్ నడుస్తుంది, దాంట్లో ఫైనల్ కట్ 7 నడుస్తుంది. వేగమే కావాలంటే ఏహెచ్‌సీఐ (ఎన్‌వీఎంఈ కంటే పాత పద్ధతి) రకం ఎం.2 ఎస్‌ఎస్‌డీ వెతకండి, శాంసంగ్ ఎస్‌ఎం951లో ఆ రకం ఒకటుంది. దానికి ఫర్మ్‌వేర్‌లో ఏ కొత్త డ్రైవరూ అక్కర్లేదు, ఎల్ కాపిటన్‌లోనూ బూట్ అవుతుంది. ఎన్‌వీఎంఈ రకం కూడా అదే పేరుతో ఉంది, చూసి కొనండి.

టవర్‌రాజు

చిప్‌లెవెల్ అన్నా, మీరు భయపెడుతున్నారు. ఎన్‌వీరామ్ నిండడం ఫర్మ్‌వేర్ మార్చినందువల్ల వచ్చిన జబ్బా? 4,1గా ఉంచినా అదే చిప్, అదే అరుగుదల. చిప్ తయారీదారు చెప్పే లక్ష చెరిపివేతల లెక్క రెంటికీ ఒకటే. ముట్టుకోకపోతే క్షేమమన్నది ఉత్త భ్రమ. డంప్ తీసిపెట్టుకుని ముట్టుకుంటే అదే క్షేమం.

ఎన్‌వీఎంఈ గురించి: సియెరా ఒక సాటా డిస్కులో, మొహావీ ఎన్‌వీఎంఈలో పెట్టుకోవచ్చు. పాత పనికి అటు, కొత్త పనికి ఇటు. ఆయన దగ్గర కొత్త పెళ్లిళ్లు కూడా ఉంటాయి కదా. ఏహెచ్‌సీఐ ఎస్‌ఎస్‌డీలు తయారవడమే ఆగిపోయాయి, ఎవరో వాడి వదిలేసినవి తెచ్చుకోవాలి. వాటిలో ఎంత ఆయుష్షు మిగిలిందో కొన్నాకే తెలుస్తుంది.

లెక్కతప్పదు

మళ్లీ లెక్క చెబుతున్నందుకు తిట్టుకోకండి. మినీడీవీ క్యాసెట్‌లో వీడియో సెకనుకు 25 మెగాబిట్లు. శబ్దంతో కలిపితే 3.6 మెగాబైట్లు, గంటకు 13 జీబీ. 1080 ప్రోరెస్ 422 (ఎడిటింగ్‌కు వాడే ఫార్మాట్) అయినా సెకనుకు పదిహేను మెగాబైట్ల చుట్టుపక్కలే. మీరందరూ 1,500 అంటున్నారు, ఈయన పనికి మూడు పొరల వీడియో పేర్చినా 50 దాటదు. సాటా 2 ఇచ్చే 270లో అది ఓ మూలకు సరిపోతుంది. బూట్ ఆలస్యానికి కారణం తిరిగే డిస్కు. చిన్న చిన్న ఫైళ్ల కోసం దాని ముల్లు అటూ ఇటూ పరిగెడుతోంది. ఏ సాటా ఎస్‌ఎస్‌డీ అయినా ఆ జబ్బు నయం చేస్తుంది. ఎన్‌వీఎంఈ, ఏహెచ్‌సీఐ రెండూ ఇక్కడ అనవసరం.

మినీ కొనమన్న మాట ఈ ఒక్క పనికి వెనక్కి తీసుకుంటా. కానీ ఈ టవర్‌లో బ్యాంకు పనులు, మెయిళ్లు చేయొద్దు. మొహావీకి కూడా 2021తో సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి, ఎల్ కాపిటన్ సంగతి చెప్పేదేముంది. నెట్ కేబుల్ పీకేసి వాడుకోండి.

చిప్‌లెవెల్ (సికింద్రాబాద్)

డంప్ విషయంలో రాజుతో నాకు పేచీ లేదు. ఫర్మ్‌వేర్ మార్చినా మార్చకపోయినా డంప్ ఈరోజే తీయాలి. రెండుసార్లు తీసి రెండూ పోల్చండి, తేడా ఉంటే చదవడంలో లోపం ఉన్నట్టు. ఆ ఫైలు ఇదే మెషిన్‌లో దాచుకోకండి దయచేసి! మీది ఎల్ కాపిటన్ కాబట్టి ముందు సిప్ అనే మాక్‌ఓఎస్ రక్షణ ఆపాలి, లేకపోతే ఫర్మ్‌వేర్ చదవనివ్వదు. ఎవరైనా విండోస్ కూడా పెట్టమంటే ఈఎఫ్‌ఐ పద్ధతిలో పెట్టకండి. అది ఎన్‌వీరామ్‌లో సెక్యూర్ బూట్ సర్టిఫికెట్లు రాసి, ఉన్న చెత్తకు తోడు ఇంకొంత పోస్తుంది.

ఇంతసేపూ ఎవరూ అడగని సంగతి ఇంకొకటి: నార్త్‌బ్రిడ్జ్ (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్) వేడి ఎంత? 2009, 2010 బోర్డుల్లో ఆ హీట్‌సింక్‌ను పట్టుకుని ఉండేవి రెండు ప్లాస్టిక్ రివెట్లు. పదిహేనేళ్ల వేడికి పెళుసెక్కి ఒకటి టప్పున విరుగుతుంది. హీట్‌సింక్ ఒక పక్కకు లేస్తుంది, చిప్ కాలిపోయే దాకా వెళ్తుంది. మెషిన్ ఉన్నట్టుండి ఆగిపోతుంటే జనం పవర్ సప్లై మారుస్తారు, కారణం ఈ రెండు రూపాయల రివెట్. బోర్డు బయటికి తీసి, రివెట్ల చోట స్ప్రింగుతో సన్న స్క్రూలు, నైలాన్ వాషర్లు వేసి, కొత్త పేస్టు రాయాలి. మీ డబ్బులో మొదటి ఖర్చు ఇది. ఎలాగూ తెరుస్తారు కాబట్టి బోర్డు మీది బీఆర్2032 బ్యాటరీ సెల్ కూడా మార్చేయండి. సీఆర్ కాదు, బీఆర్.

కొత్తగాచేరా

మధ్యలో దూరుతున్నా, క్షమించండి. నాది పీసీ, ఎక్స్79 బోర్డు. బయోస్‌లో (పీసీ ఫర్మ్‌వేర్‌లో) ఎన్‌వీఎంఈ బూట్ లేదు. ఇదే తలనొప్పి నాకూ ఉంటుందా?

చిప్‌లెవెల్ (సికింద్రాబాద్)

మీరు అదృష్టవంతులు. చాలా బోర్డుల్లో బయోస్ చిప్ సాకెట్‌లో ఉంటుంది, గోరుతో లేపి ప్రోగ్రామర్‌లో పెట్టుకోవచ్చు. అసలు బయోస్ ముట్టకుండానే పెన్‌డ్రైవ్‌లో క్లోవర్ అనే బూట్ ప్రోగ్రాం పెట్టి, అది ఎన్‌వీఎంఈ డ్రైవర్ ఎక్కించి విండోస్‌ను లేపేలా చేసుకోవచ్చు. ఆ పెన్‌డ్రైవ్ ఎప్పుడూ గుచ్చే ఉండాలి, అంతే. వివరాలకు వేరే చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ కలిస్తే గందరగోళం.

రీల్‌డబ్బా (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. నాకు అర్థమైనంత వరకు ఇలా చేద్దామనుకుంటున్నా: ముందు డంప్, తర్వాత రివెట్లు, సెల్. ఆ పైన 1 టీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, దానికి సరిపడే సొరుగు అడాప్టర్. ఎల్ కాపిటన్, ఫైనల్ కట్ 7 అలాగే ఉంటాయి. ఫర్మ్‌వేర్ ప్రస్తుతానికి పక్కన పెడతా. మిగిలిన డబ్బు దాచి, కొత్త పెళ్లిళ్లకు వేరే మెషిన్ చూసుకుంటా.

ఎడిసన్‌బాబాయ్ (న్యూజెర్సీ)

ఎస్‌ఎస్‌డీ పెట్టాక టెర్మినల్‌లో ట్రిమ్‌ఫోర్స్ (ఎస్‌ఎస్‌డీలో చెరిపిన చోటును శుభ్రం చేయించే ఆదేశం) ఆన్ చేయడం మర్చిపోకు నాయనా. యాపిల్‌వి కాని ఎస్‌ఎస్‌డీలకు అది దానంతటది రాదు.

టవర్‌రాజు

మంచిదే గానీ అన్నా, పెన్‌డ్రైవ్‌కి ఎక్కించేటప్పుడు కంప్రెసర్ (వీడియో ఫార్మాట్ మార్చే సాఫ్ట్‌వేర్) వాడతారుగా? దాని క్యూమాస్టర్‌లో క్లస్టర్ కడితే (పనిని ముక్కలుగా పంచితే) అది కోర్లన్నీ వాడుకుంటుంది. నాలుగు కోర్ల మీద రాత్రంతా నడిచేది ఆరు కోర్లకు వస్తే పార్టీకి మర్నాడు పొద్దున్నే ఇవ్వొచ్చు. డబ్ల్యూ3690 ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కారుచౌక. 5,1 ఫర్మ్‌వేర్ లేకుండా అది పడదు. ఎస్‌ఎస్‌డీకి ఫర్మ్‌వేర్ అక్కర్లేదన్నారు, ఒప్పుకున్నా. ప్రాసెసర్‌కి ఏమంటారు?

చిప్‌లెవెల్ (సికింద్రాబాద్)

5,1 దాకా ఆగితే చాలు, మొహావీ, 144 జోలికి వెళ్లక్కర్లేదు, గ్రాఫిక్స్ కార్డు కూడా మార్చక్కర్లేదు. అలాగైతే నాకు అభ్యంతరం లేదు. కానీ నెలకు ఎన్ని క్యాసెట్లు వస్తున్నాయో రీల్‌డబ్బా గారు చెప్పాలి. నెలకు మూడు, నాలుగే అయితే రాత్రంతా నడవనివ్వండి, పోయేదేముంది?

లెక్కతప్పదు

రాత్రంతా 200 వాట్లు.

టవర్‌రాజు

వచ్చాడండీ.