కరెంటు పోయినా కాటా లెక్క నిలవాలంటే సింక్ కమాండ్ చాలా?

మిర్చియార్డు కుర్రాడు:
గుంటూరు యార్డులో ఒక కమిషన్ కొట్టు బిల్లింగ్ ఈమధ్యే నా చేతికొచ్చింది. లైనక్స్ మెషిన్, పైథాన్ ప్రోగ్రాం, ఒక్కో కాటాకు ఫైల్లో ఒక్కో వరుస. టిక్కీలు (మిర్చి బస్తాలు) వరసగా దిగుతున్న టైంలో కరెంటు పోయింది. రైతు చేతిలో చీటీ ఉంది, ఫైల్లో మాత్రం ఆ కాటా లేదు. క్రాన్‌లో (టైం ప్రకారం కమాండ్లు నడిపే ఏర్పాటు) నిమిషానికోసారి సింక్ (మెమరీలో ఆగి ఉన్న డేటాను డిస్కుకు పంపే కమాండ్) పెడదామని నేనంటున్నాను. షావుకారు గారి అబ్బాయేమో యూపీఎస్ కొంటే చాలంటున్నాడు. మీరేమంటారు?

బెజవాడ సర్వర్లు:
యూపీఎస్‌కే నా ఓటు. మీరు సింక్ పెట్టకపోయినా కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) ఊరికే కూర్చోదు తమ్ముడూ. మామూలు సెట్టింగుల్లో 5 సెకన్లకోసారి లేచి, మెమరీలో 30 సెకన్లు దాటిన డేటాను డిస్కుకు పంపిస్తుంది. దాని మీద నిమిషానికో సింక్ పెట్టి ఏం లాభం? పైగా సింక్ అన్ని డిస్కులనూ పట్టుకుంటుంది. పక్కన ఎవరో నాసిరకం పెన్‌డ్రైవ్‌లోకి పెద్ద ఫైళ్లు ఎక్కిస్తుంటే, అదయ్యేదాకా మీ సింక్ కూడా ఆగాల్సిందే.

అరండల్‌పేట అన్న:
క్రాన్ దండగని నేనూ ఒప్పుకుంటాను. కానీ యూపీఎస్‌తో పనైపోయిందనుకోవడం ప్రమాదం. ఎస్‌ఎంపీఎస్ (మెషిన్ లోపలి పవర్ సప్లై) కాలినా, మెషిన్ హ్యాంగైనా యూపీఎస్ ఏం చేస్తుంది? అసలు తప్పు వేరే చోట ఉంది. చీటీ ముందు ప్రింటవుతోంది, డేటా తర్వాతెప్పుడో డిస్కుకు చేరుతోంది. ఆ వరుస మార్చాలి.

ఇంకో సంగతి. పైథాన్‌లో రైట్ అనగానే డేటా కెర్నెల్‌కు కూడా చేరదు, ముందు ప్రోగ్రాం సొంత బఫర్‌లో (తాత్కాలిక నిల్వలో) ఉంటుంది. సింక్‌కు తెలిసింది కెర్నెల్ దగ్గరున్న డేటాయే. ప్రోగ్రాం కడుపులో ఉన్నదాన్ని అది ముట్టుకోదు, ఎన్నిసార్లు కొట్టినా సరే. కాబట్టి ముందు ఫ్లష్ (బఫర్‌లో ఉన్నదాన్ని కెర్నెల్‌కు పంపడం), తర్వాత ఆ ఫైలు మీద ఎఫ్‌సింక్ (ఆ ఒక్క ఫైలును డిస్కుకు పంపి, అయ్యేదాకా ఆగడం), అది సరిగా అయ్యాకే చీటీ.

బెజవాడ సర్వర్లు:
ప్రతి వరుసకూ ఎఫ్‌సింకా? హార్డ్‌డిస్క్ మీద నత్తనడకే.

అరండల్‌పేట అన్న:
పాత లెక్కలన్నీ ఒకేసారి ఎక్కించేటప్పుడైతే మీ మాట నిజమే, అక్కడ చివర్లో ఒక్కసారి చాలు. కాటా దగ్గర అలా కాదు గదా. ఎఫ్‌సింక్‌కు పట్టేది మామూలుగా మిల్లీసెకన్లు. టిక్కీ కాటా మీద పెట్టి ముల్లు నిలిచేసరికే అంతకన్నా ఎక్కువ పడుతుంది.

బ్రాడీపేట అకౌంట్స్:
ఎఫ్‌సింక్ ఫెయిలైతే ఏం చేయాలో కూడా రాసుకోండి బాబూ. 2018లో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ వాళ్లకు ఇదే పెద్ద తలనొప్పైంది. మొదటిసారి ఎర్రర్ వస్తుంది, మళ్లీ పిలిస్తే సక్సెస్ అంటుంది, డేటా మాత్రం డిస్కులో ఉండదు. ఆ తర్వాత వాళ్లు పద్ధతే మార్చారు. ఎర్రర్ వస్తే సర్వర్ ఆగిపోయి, లాగ్ (మార్పుల చిట్టా) నుంచి మళ్లీ కోలుకుంటుంది. లైనక్స్‌లో సింక్ కాల్ అయితే ఎర్రరే చెప్పదు, ఎప్పుడూ సక్సెస్సే. డబ్బు లెక్కకు అలాంటిదాన్ని ఎలా నమ్ముతాం?

సింక్ అక్కర్లేదని మాత్రం నేననను. సాయంత్రం బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసినప్పుడు ప్రాక్ కింద మెమ్‌ఇన్ఫో (మెమరీ లెక్క చూపే ఫైలు) తెరిచి డర్టీ అనే వరుస చూడండి, ఇంకా డిస్కుకు చేరని డేటా అదే. కాపీ అయిపోయిందని తెర మీద కనిపించాక కూడా అక్కడ లక్షల కేబీలు మిగిలి ఉండొచ్చు. సింక్ కొట్టి మళ్లీ మళ్లీ చూస్తే ఆ అంకె దిగుతూ వస్తుంది. అన్‌మౌంట్ చేసినా (డ్రైవ్‌ను సిస్టం నుంచి పద్ధతిగా విడదీసినా) ఇదే జరుగుతుంది. ఆ పని పూర్తికాకుండా డ్రైవ్ పీకేసి, తెల్లారి ఆడిటర్ ముందు ఖాళీ ఫైలు తెరిచేవాళ్లు బోలెడుమంది.

బెజవాడ సర్వర్లు:
సరే, ఎఫ్‌సింక్‌కు ఒప్పుకున్నాను, యూపీఎస్ మాట మాత్రం వదలను. కొన్ని చవక డ్రైవులు తమ సొంత క్యాషేలో (తాత్కాలిక మెమరీలో) పెట్టుకుని రాసేశామంటాయి. అక్కడ ఎఫ్‌సింక్ కూడా ఏమీ చేయలేదు.

మిర్చియార్డు కుర్రాడు:
అయితే క్రాన్ తీసేస్తున్నాను. ఎఫ్‌సింక్ తర్వాతే ప్రింటు. ఎర్రర్ వస్తే చీటీ రాదు, గుమాస్తా గారు చేతిపుస్తకంలో రాసుకుంటారు. యూపీఎస్ సంగతి షావుకారు గారికి రేపు చెప్తాను.