పాపకి కోరపన్ను రాలేదు, ఆగాలా ఆపరేషన్ చేయించాలా?

గుంటూరు అమ్మ: పొద్దున్నుంచి నాలుగు గంటలుగా ఫోన్ పట్టుకుని కూర్చున్నా. చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. పాపకి పైన ఎడమ కోరపన్ను రాలేదు, ఎక్స్‌రేలో లోపల ఏటవాలుగా ఉంది. ఒక డాక్టరుగారు ఇంకా చూద్దామంటారు. ఇంకొకరు చిగురు కోసి, పన్నుకి గొలుసు అంటించి లాగాలంటారు. ఎవరి మాట వినాలి?

నెల్లూరు: వయసు?

సైన్సు మాస్టారు: దాన్ని రదనిక అంటారమ్మా. ముందుపళ్లు కుంతకాలు, కోరపళ్లు రదనికలు, వాటి వెనక అగ్రచర్వణకాలు, చర్వణకాలు. మన పదాలు మనమే వదిలేస్తే ఎలా?

బెజవాడ: కోరపన్నూ మన మాటే కదండీ మాస్టారూ.

సైన్సు మాస్టారు: ఏనుగు దంతాల్నీ కోరలంటారు. అవి కుంతకాలు! అందుకే శాస్త్రపదం కావాలి.

దంతవైద్యురాలు: అమ్మా, పన్ను అంగిలి వైపుందా, పెదవి వైపుందా? అంగిలి వైపుండి, వయసు 10–13 మధ్య అయితే ముందు పాలపన్ను తీసి చూస్తాం. స్వీడన్‌లో 1988లో వచ్చిన అధ్యయనంలో అలా పాలపన్ను తీశాక 46 కోరపళ్లలో 36 వాటంతటవే దారిలోకి వచ్చాయి. పక్క పన్ను వేరు మీదికి ఎంత ఎక్కువ జరిగి ఉంటే అంత ఆశ తక్కువ.

గుంటూరు అమ్మ: అంగిలి వైపే అన్నారండి. పదమూడు నిండాయి. పాలపన్ను పోయిన ఏడాదే తీయించాం, పద్నాలుగు నెలలైంది. కొత్త ఎక్స్‌రేలో ఏం కదల్లేదు.

నెల్లూరు: అది మొదటే చెప్పాలి.

దంతవైద్యురాలు: అయితే నా సలహా మారుతుంది. ఏడాదిలో ఎక్స్‌రేలో మార్పు లేకపోతే ఇంకా ఆగడం మంచిది కాదు. ముందు సీబీసీటీ స్కాన్, అంటే పళ్లనీ ఎముకనీ 3డీలో చూపే ఎక్స్‌రే, తీయించండి. దాక్కున్న పన్ను పక్క పన్ను వేరుని నొప్పి లేకుండానే కరిగించేయగలదు, మామూలు ఎక్స్‌రేలో అది సరిగ్గా కనబడకపోవచ్చు. నాకు భయం దాని గురించే.

బెజవాడ: మావాడికి గొలుసు వేశారండి. ముందు క్లిప్పులతో చోటు చేశారు. తర్వాత చిగురు తెరిచి, పన్ను మీద బటన్ అంటించి, గొలుసు బయట తీగకి కట్టి కుట్లేశారు. అక్కడికే మత్తిచ్చారు, సాయంత్రానికి ఇంట్లో ఉన్నాం. పన్ను దిగడానికి మాత్రం ఏడాది పైనే పట్టింది. గట్టిగా లాగకూడదట, మెల్లగానే.

సైన్సు మాస్టారు: సీబీసీటీని తెలుగులో ఏమనాలో ఎవరైనా చెప్పండి.

గుంటూరు అమ్మ: సోమవారం స్కాన్‌కి తీసుకెళ్తున్నాం. థ్యాంక్సండీ. పాపకి కూడా పూర్తిగా మత్తివ్వకుండా చేస్తారా?