అడీనియం దుంప మెత్తబడింది, కోసేయాలా?

మేడతోట_ఉప్పల్: మూడేళ్ల అడీనియం (ఎడారి గులాబీ). వారం రోజులు ముసురు పట్టేసరికి ఆకులు పండిపోయి రాలాయి. దుంప నొక్కితే ఒకవైపు వేలు దిగుతోంది. కోసేయాలా? నిరుడు పూలు కూడా సరిగా పూయలేదు, ఏ ఎరువు వేయాలి?

కుండీల_పిచ్చి: వేలు దిగిందంటే కుళ్లే. ఇవాళే పీకి, గట్టి తెల్ల కండ తగిలేదాకా కోయండి. పసుపు అద్ది వారం పది రోజులు నీడన ఆరబెట్టి, అప్పుడు నాటండి. నాది సగం పోయాక కూడా బతికింది.

మియాపూర్_మల్లి: నర్సరీవాడు 600 తీసుకుని కొబ్బరిపొట్టులో పెట్టిచ్చాడు. మొదటి వానకే హరీ.

పాతకాపు: ఆ పొట్టు స్పాంజి లాంటిది, నీళ్లు వదలదు. నేను 12 ఏళ్లుగా పెంచుతున్నా, మేడ మీద 80 కుండీలు. ఇది సహారాకు దిగువన ఆఫ్రికాలో, అరేబియాలో రాళ్ల మధ్య బతికే మొక్క. దుంపే దాని నీళ్ల ట్యాంకు. సగం ముతక ఇసుక పోయండి, వానాకాలం రేకు కిందకి జరపండి. అన్నట్టు, కొమ్మ నాటితే దుంప రాదు. విత్తనం మొక్కే కొనాలి.

కుండీల_పిచ్చి: రాదని ఎవరన్నారు? నా కొమ్మకి నాలుగో ఏడు వచ్చింది.

పాతకాపు: అవి లావెక్కిన వేర్లు. విత్తనం మొక్క ఏడాదికే మొదలు దగ్గర ఉల్లిగడ్డలా ఉబ్బుతుంది. ఫొటో పెట్టండి, తేలిపోతుంది.

కుండీల_పిచ్చి: 80 కుండీలుంటే మాత్రం అందరికీ క్లాసు పీకాలా సార్?

ఇద్దరు_పిల్లల_అమ్మ: దుంపల గొడవ సరే, కోస్తే కారే పాల సంగతి ఒక్కరూ చెప్పరేం? ఇది గన్నేరు కుటుంబం. ఆఫ్రికాలో బాణాలకు పూసే విషం దీన్నుంచే తీసేవారు. మావాడు ఆకు తుంపిన చేత్తో కన్ను నలుపుకుంటే రాత్రంతా జాగారమే. గ్లౌజులు లేకుండా కోయకండి.

మియాపూర్_మల్లి: గన్నేరు లేని గుడి ఉందా అండీ? ఊరికే టెన్షన్ పెడతారు.

ఇద్దరు_పిల్లల_అమ్మ: మీ పిల్లాడి కన్నైతే తెలిసేది.

పాతకాపు: ఆవిడ చెప్పింది నిజం. గన్నేరు మీద వాలే పచ్చ పురుగు దీని ఆకులూ తింటుంది. రాత్రికి రాత్రే మొక్క మోడు.

మేడతోట_ఉప్పల్: కోశాను. పిడికెడే మిగిలింది. పేపరు మీద ఆరబెడితే అమ్మ కందముక్క అనుకుని కూరల బుట్టలో వేసింది. చూశాను కాబట్టి సరిపోయింది. పూల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

పాతకాపు: ఆరేడు గంటల ఎండ పడుతోందా?

మేడతోట_ఉప్పల్: పక్కింటివాళ్లు మూడో అంతస్తు వేశాక రెండు గంటలు.

దిల్‌సుఖ్‌నగర్_బాబు: డబుల్ రెక్కల విత్తనాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?