పదకొండు మందితో దసరాకి వియత్నాం: డబ్బు ఎలా అడగాలి, ఏది ముందు బుక్ చేయాలి?

ప్రశ్న (విజయవాడ నుంచి)

నమస్కారం అండీ. దసరా సెలవుల్లో అందరం వియత్నాం వెళ్దామని మొన్న ఇంట్లో పెళ్లప్పుడు అనుకున్నాం. మేం నలుగురం, మా అత్తగారు, మా బావగారి వాళ్లు నలుగురు, మా ఆడపడుచు, అన్నయ్యగారు. మనిషికి 70 వేలు దాటకూడదు. చూసే పని నా నెత్తిన పడింది. "ఏదైనా పర్లేదు, నువ్వే చూసెయ్" అంటారు. తీరా హోటల్ ఫొటో పంపితే "ఇంకాస్త మంచిది లేదా?" అంటారు. తేదీలు ఖాయం కాలేదు, టికెట్ల రేట్లు మాత్రం పెరుగుతున్నాయి. రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఫోన్ తీసి రేట్లే చూస్తున్నాను. ఇవన్నీ నా కార్డు మీద తీసేస్తే రేపు బావగారిని డబ్బు ఎలా అడగను? డా నాంగ్, హోయి ఆన్ చూడాలని పిల్లల కోరిక. దయచేసి దారి చెప్పండి.

జవాబు 1

మీ కార్డు మీద పదకొండు టికెట్లు తీయకండి. ఇది చెప్పాలనే రాస్తున్నాను. మేం తొమ్మిది మందిమి వెళ్లినప్పుడు నేను అదే చేశాను. టికెట్లు తీశాక ఇద్దరు ఆగిపోయారు. చవక టికెట్లు కాబట్టి పన్నుల కింద కొద్దిగా తప్ప ఏమీ వెనక్కి రాలేదు. మిగతాది అడగడానికి నాకు నోరు రాలేదు. వాళ్లింటికి వెళ్లి కాఫీ తాగుతున్నా అదే గుర్తొచ్చేది. పోయిన డబ్బు కన్నా అది ఎక్కువ బాధ.

డబ్బు మాట బావగారితో మీరు ఎత్తొద్దు, మీ వారితో అనిపించండి. అన్నదమ్ముల మధ్య ఆ మాట తేలిగ్గా నడుస్తుంది. గ్రూపులో ఇంత పెడితే చాలు: "ఆదివారం రాత్రిలోగా మనిషికి 30 వేలు ఈ ఖాతాలో వేసిన వాళ్లకి సోమవారం టికెట్లు తీస్తున్నాం. ఈసారి వీలుకాని వాళ్లు ఇప్పుడే చెప్పేయండి, ఎవరూ ఏమీ అనుకోరు." సోమవారం పొద్దున ఖాతాలో ఎందరి డబ్బు ఉంటే ప్రయాణం అంతమందిదే. మీరు వాడని ఖాతా ఒకటి దీనికే ఉంచితే మీ ఇంటి లెక్కతో కలిసిపోదు.

పంపకం కూడా ముందే అనుకోండి. గదుల ఖర్చు గది లెక్కన, వ్యాను, టికెట్లు, భోజనం తల లెక్కన. ఇద్దరున్న కుటుంబానికీ నలుగురున్న కుటుంబానికీ సమానంగా వేస్తే పైకి ఎవరూ అనరు గానీ మనసులో ఉంటుంది.

హోటల్ విషయంలో అందరి అభిప్రాయం అడక్కండి. రెండు పెట్టి, రేట్లు రాసి, రేపటిలోగా చెప్పమనండి. ఎవరూ పలక్కపోతే మీకు నచ్చింది తీసేయండి.

ఏజెంటు ప్యాకేజీ తీసుకుంటే టీసీఎస్ అని (బిల్లుతో పాటే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) కొంత కలుపుతారు. అది ఎవరి పాన్ మీద కడితే వాళ్ల ఐటీ రిటర్నులోనే సర్దుబాటవుతుంది. కాబట్టి ఏ కుటుంబం బిల్లు వాళ్ల పేరు మీదే చేయించండి.

జవాబు 2

చెల్లెమ్మా, పిల్లలకి నచ్చజెప్పండి, దసరాకి డా నాంగ్ వైపు వద్దు. అక్టోబరు, నవంబరు అక్కడ గట్టి వానల కాలం, హోయి ఆన్ వీధుల్లోకి నది నీళ్లు వచ్చేస్తాయి. అదే అక్టోబరులో ఉత్తరాన హనోయ్ హాయిగా ఉంటుంది. హనోయ్, నిన్ బిన్, హాలాంగ్ బే పెట్టుకుంటే లోపల ఇంకో విమానం ఖర్చు కూడా తప్పుతుంది. నిన్ బిన్‌లో ట్రాంగ్ ఆన్ పడవ ప్రయాణం మీ అత్తగారు కూర్చునే చూడొచ్చు. కొండ గుహల్లోంచి పోతుంది, తల వంచుకోవాలి అంతే. పక్కనే ఉన్న హాంగ్ మువా కొండకి సుమారు 500 మెట్లు, ఆవిడకి వద్దు. హాలాంగ్ చివరి రోజుకి పెట్టుకోకండి. తుఫాను హెచ్చరిక వస్తే పడవలు ఆపేస్తారు.

జవాబు 3

వీసా గురించి. ఒక్కసారి వెళ్లొచ్చే ఈ-వీసాకి 25 డాలర్లు. తిరస్కరించినా, మనం తప్పు రాసినా వెనక్కి రాదు. ప్రభుత్వ సైటు చిరునామా చివర గవ్ డాట్ వీఎన్ ఉంటుంది. అలాంటి రూపంతోనే ఏజెంట్ల సైట్లు చాలా ఉన్నాయి, రెట్టింపు తీసుకుంటాయి.

మన వాళ్లకి చిక్కంతా పేరు దగ్గరే. ఒకరి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఒకరికి పొడి అక్షరమే, ఇంకొకరికి ఆ గడి ఖాళీ. పదకొండు పాస్‌పోర్టులూ ముందేసుకుని, ఫొటో ఉన్న పేజీ అడుగున రెండు వరుసలు ఉంటాయి చూడండి, అక్కడ ఎలా ఉంటే టికెట్లోనూ వీసాలోనూ అలాగే. ప్రయాణం నాటికి ఆరు నెలల గడువు మిగిలి ఉందో లేదో అప్పుడే చూసేయండి.

అడిగినవారు

అందరికీ దండాలు. మా వారు మాట్లాడారు. బావగారు ఆ సాయంత్రమే వేశారు, "ముందే అడగొచ్చుగా" అన్నారట. ఆడపడుచు వాళ్లు ఈసారి కుదరదన్నారు. ఇల్లు కట్టుకుంటున్నారు, చెప్పలేక ఆగారట పాపం. తొమ్మిది మందిమి, హనోయ్‌కే. ఈ రెండు రాత్రులూ నిద్ర పట్టింది. అత్తగారు గుడ్డు కూడా ముట్టరు, ఆవిడ భోజనం ఎలా?

జవాబు 2

"చాయ్" అన్న మాట నేర్చుకోండి. అక్కడ టీ కాదు, శాకాహారం అని. ఆ బోర్డున్న హోటళ్లు హనోయ్‌లో బాగానే ఉన్నాయి. మామూలు హోటల్లో తూటికూర వేపుడులో కూడా చేపల సాసు పడొచ్చు, కాబట్టి అడిగాకే తిననివ్వండి. కందిపొడి, చిన్న కరెంటు కుక్కరు, రెండు కిలోల బియ్యం మేం తీసుకెళ్లాం. పచ్చడి మాత్రం చెక్-ఇన్ పెట్టెలోనే, సీసా మూతకి టేపు చుట్టి.

ఇంకొకటి. 20 వేల డాంగుల నోటూ, 5 లక్షల నోటూ రెండూ నీలంగానే ఉంటాయి. రాత్రిపూట టాక్సీ దిగే తొందరలో మా తమ్ముడు పెద్దది ఇచ్చేశాడు. పెద్ద నోట్లు వేరే పర్సులో పెట్టి అత్తగారి చేతికివ్వండి.