“లిటరల్‌గా షాకయ్యాను” అని రాస్తే మార్కు కొయ్యొచ్చా?

దేవరకొండ తెలుగుసార్:
మాది దేవరకొండ దగ్గర ఒక బడి. తొమ్మిదో తరగతికి తెలుగు చెప్తాను. మొన్న పరీక్షలో “మీరు చూసిన ఒక చోటు గురించి రాయండి” అని ఇస్తే, ఒక పిల్లగాడు నాగార్జునసాగర్ గేట్లు ఎత్తిన రోజు గురించి రెండు పేజీలు రాశాడు. చేతిరాత ముత్యాలే. కానీ అందులో ఈ మూడు వాక్యాలున్నాయి: “యాక్చువల్లీ మేము పొద్దున్నే బయల్దేరాం.” “డ్యామ్ చూసి లిటరల్‌గా షాకయ్యాను.” “నీళ్లు సీరియస్లీ సూపర్.” మూడింటి కిందా ఎర్రగీత గీసి ఒక మార్కు కోశాను.

వాళ్ల అన్న హైదరాబాద్‌లో ఉద్యోగం. ఫోన్ చేసి, “సార్, రేపు వాడు బయట మాట్లాడాల్సింది ఇదే భాష కదా, మార్కు కోస్తే ఎట్ల?” అన్నాడు. మర్యాదగానే అడిగాడు, అందుకే ఆలోచనలో పడ్డాను. మీరేమంటారు?

మిర్యాలగూడ రైస్‌మిల్లు:
ఒకటి కాదు సార్, మూడు కొయ్యాల్సింది. మా బిడ్డ ఫోన్‌లో మాట్లాడుతుంటే పది మాటల్లో నాలుగు “యాక్చువల్లీ”లే. ఇంతకీ ఏం జరిగిందో చివరిదాకా తెలియదు.

పాలమూరు పిల్ల:
సార్, నమస్తే. నాది మహబూబ్‌నగర్, ఇప్పుడు గచ్చిబౌలిలో పని. ఒక్క మాట అడుగుతాను. “యాక్చువల్లీ” బదులు మీరు ఏం రాయమంటారు? “అసలు” అనే కదా? ఆ “అసలు” అరబీ నుంచి వచ్చింది. “మస్తు” ఫారసీది. “జర”, “ఏక్‌దమ్”, “బిల్కుల్” అన్నీ ఉర్దూ దారిన మన ఇళ్లలోకి వచ్చినవే. 1948 దాకా మన దగ్గర సర్కారు భాష ఉర్దూ, కచేరీలో విన్న మాట ఇంటికొచ్చింది. అప్పుడు కచేరీ, ఇప్పుడు ఆఫీసు. తాతలది యాస, మాది తప్పా?

దేవరకొండ తెలుగుసార్:
“మస్తు” పరీక్షలో రాసినా గీత గీస్తానమ్మా. ఇంట్లో మాత్రం నేనే అంటాను. “అసలు” సంగతి మటుకు గట్టిగా అడిగావు.

నల్గొండ స్పోకెన్ ఇంగ్లీష్:
నేను గడియారం సెంటర్ దగ్గర ఇంగ్లీషు చెప్పుకుని బతికేవాణ్ణి. ఈ మాటలతో నాకు రోజూ పనే, కాబట్టి కొంచెం పొడుగు రాస్తాను, ఏమనుకోకండి.

ముందు పిల్లగాని వైపు మాట్లాడతాను. ఆశ్చర్యం చెప్పే మాట ఏ భాషలోనైనా అరిగిపోతుంది. ఇంగ్లీషు “వెరీ” పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, మొదట్లో దాని అర్థం “నిజమైన” అని. నిజం పోయి, ఇప్పుడు ఒట్టి “చాలా” మిగిలింది. అప్పుడు “రియల్లీ”ని పట్టుకున్నారు, అదీ “నిజంగా”నే. అది కూడా పలచబడ్డాక “లిటరల్లీ”. అక్షరానికి లాటిన్ మాట నుంచి పుట్టింది, అక్షరాలా అలాగే అని అర్థం. జరగనిదాన్ని నొక్కి చెప్పడానికి దాన్ని వాడటం ఇప్పటి పిల్లల పని కాదు. మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు 1909లోనే ఆ వాడుకను ఎక్కించింది. “టెరిబ్లీ”లో భయం ఉంది, అయినా “టెరిబ్లీ సారీ” అంటే ఎవరూ భయపడరు. మన పిల్లలు “సినిమా అరాచకం అన్నా” అంటే పోలీసులు రారు కదా, అదే వరస.

ఇక పిల్లగాని మీద. ఈ మాటలు వాడేవాళ్లకు ఇంగ్లీషులో వాటి పని తెలుసా అంటే, నా క్లాసులో చాలామందికి తెలియదు. “యాక్చువల్లీ” ఇంగ్లీషులో చాలాసార్లు ఎదుటివాడి మాటను సవరిస్తుంది: “నువ్వనుకున్నట్టు కాదు” అని. ఇంటర్వ్యూలో పేరడిగితే “యాక్చువల్లీ మై నేమ్ ఈజ్...” అంటారు మనవాళ్లు. అంటే అంతకుముందు ఎవరో వేరే పేరు చెప్పినట్టు! “టూ గుడ్” అని పొగుడుతారు. “టూ” అంటే “చాలా” కాదు, చాలాచోట్ల మన “మరీ”. “మరీ మంచోడు” అన్నామంటే వెనక ఏదో ఉన్నట్టే. అన్నిటికంటే ప్రమాదం “హార్డ్లీ”. కష్టపడి పని చేస్తానని చెప్పబోయి “ఐ వర్క్ హార్డ్లీ” అంటారు. పనే చేయనని ఒప్పుకున్నట్టు.

“సర్‌ప్రైజింగ్లీ” కూడా చూడండి. వాక్యం మొదట్లో పెట్టి కామా కొడితే మొత్తం సంగతే ఆశ్చర్యం. “ఈజీ” ముందు పెడితే అనుకున్నదానికంటే తేలిక అని మాత్రమే. దాన్ని తెలుగులోకి మార్చమంటే పిల్లలు “ఆశ్చర్యకరంగా వాడు పాసయ్యాడు” అని రాస్తారు. మీ ఊళ్లో ఎవరైనా అలా అంటారా? “వాడు పాసవడమేంది!” అంటాం. లేదా “ఏకంగా ఫస్ట్ క్లాసు”. మనకు ఆశ్చర్యం చెప్పడానికి “ఆశ్చర్యం” అనే మాటే అక్కర్లేదు, క్రియకు తగిలించిన ఆ “ఏంది”లోనో, ఆ “ఏకంగా”లోనో ఉంటుంది.

అందుకే సార్ మార్కు కోస్తే కోయండి. ఇంగ్లీషు మాట వాడాడని మాత్రం కోయొద్దు, ఆ మాట అక్కడ ఏ పనీ చేయట్లేదని కోయండి.

అచ్చంపేట పెద్దాయన:
“సీరియస్” మీద నాదొక కథ. చాలా ఏళ్ల కింద మా తమ్ముని కొడుకు ఇంటికి ఫోన్ చేస్తే చెల్లె ఎత్తి, “నాయిన మస్తు సీరియస్‌గ ఉన్నడు, నువ్వు తొందరగ రా” అన్నది. వాడు రాత్రికి రాత్రి హైదరాబాద్ నుంచి బస్సెక్కాడు, దారిపొడుగునా ఏడుపే. తెల్లారేసరికి దిగి పరుగున ఇంటికొస్తే, నాయిన అరుగు మీద కూచుని చాయ్ తాగుతున్నాడు. కోపం ఎందుకంటే వీడు ఫీజు పైసలు వేరేదానికి ఖర్చుపెట్టాడని. ఆస్పత్రి సీరియస్ వేరు, నాయిన సీరియస్ వేరు అని ఆ రోజు మా ఇంట్లో అందరికీ తెలిసింది. రెండోదే ఎక్కువ ప్రమాదమని వాడు ఇప్పటికీ అంటాడు.

పాలమూరు పిల్ల:
తాతా, నవ్వి నవ్వి కళ్లల్లో నీళ్లొచ్చినయ్. ఇంగ్లీషు సార్ చెప్పింది ఒప్పుకుంటాను. “యాక్చువల్లీ” మాకు ఊపిరి తీసుకునే జాగా, అంతే. కానీ అది ఎందుకు కావాల్సి వచ్చిందో కూడా చెప్పాలి. నేను ఇంజనీరింగ్‌లో చేరిన కొత్తలో “శాన బాగుంది” అంటే హాస్టల్లో నెల రోజులు ఆ మాటను నాకే తిప్పి అన్నారు. “సీరియస్లీ?” అంటే మాత్రం ఎవరూ నవ్వలేదు. ఏ ఊరి పిల్లో తెలియని మాట అది. ఆ మాట వెనక దాక్కున్నాం సార్. ఆ పిల్లగాని అన్నకు కూడా అలాంటిదేదో తగిలే ఉంటుంది.

మిర్యాలగూడ రైస్‌మిల్లు:
నాకు ఇది తట్టలేదమ్మా. మూడు మార్కుల మాట వెనక్కి తీసుకుంటున్నా.

దేవరకొండ తెలుగుసార్:
అందరికీ దండాలు. నేను పదోతరగతి వాళ్లకు ద్విరుక్తటకారం (పగలు, పగలు కలిసి “పట్టపగలు” అయ్యే సంధి) చెప్పేటప్పుడు పట్టపగలు, నట్టనడుమ, మొట్టమొదట, చిట్టచివర, బట్టబయలు అని వల్లె వేయిస్తాను. అది సంధి సూత్రంలా చెప్పానే కానీ, నొక్కి చెప్పాలంటే తెలుగు మాట తనను తానే రెండుసార్లు పలుకుతుందని ఎన్నడూ చెప్పలేదు. “లిటరల్‌గా మధ్యలో” అనేవాడికి “నట్టనడుమ” ఉందని చూపించాల్సింది నేనే. ఆ తప్పు నాది.

ఇంకొకటి. మీ మాటలు చదివాక ఆ పేపరు మళ్లీ తీశాను. ఎర్రగీతల తొందరలో రెండో పేజీ కిందున్న ఒక వాక్యం దాటేశాను: “ఇరవై ఆరు గేట్లూ ఎత్తి ఉన్నయి. బస్సు దిగినకాడినుంచి మాట్లాడుతున్న మా తాత అక్కడ మాట్లాడటం ఆపేసిండు.” అందులో “చాలా” లేదు, “లిటరల్‌గా” లేదు.

ఇయ్యాల వాణ్ణి పిలిచి, తర్వాత తాత ఏమన్నాడురా అని అడిగాను. “ఏమన్లేదు సార్. ఇంటికొచ్చేదాంక ఏమన్లేదు” అన్నాడు.

ఆ వాక్యానికి ఒక మార్కు వేశాను. ఎర్రగీతలు అట్లనే ఉన్నాయి. వాళ్ల అన్నకు సాయంత్రం ఫోన్ చేయాలి.